పన్నెండుగురిని కొన్నదెవరు? గ్రిషమ్ నవలపై శ్రోతల అభిప్రాయాలు

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. జాన్ గ్రిషమ్ 1996లో రాసిన ‘ది రన్‌అవే జ్యూరీ’ నవలను చదవమని కిందటి భాగంలో కోరగా, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి కూడా శ్రోతలు తమ అభిప్రాయాలను పంపించారు. వాటి మీద మాట్లాడేందుకు, ఈ ఊరి కోర్టులో చిరకాలంగా క్రిమినల్ కేసులు వాదిస్తున్న ప్లీడరుగారిని పిలిచాం. ముందుగా కథను క్లుప్తంగా చెప్పండి, ప్లీడరుగారూ.

ప్లీడరుగారు: మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీ పట్టణంలో, ఊపిరితిత్తుల క్యాన్సరుతో భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ సిగరెట్ కంపెనీ మీద దావా వేస్తుంది. ఒక్క కేసులో ఓడినా దేశమంతటా దావాలు వెల్లువెత్తుతాయని భయపడిన కంపెనీలు, జ్యూరీని, అంటే తీర్పు చెప్పడానికి సామాన్య పౌరుల నుంచి ఎంపిక చేసిన పన్నెండుగురిని, లొంగదీసే పనిని రాంకిన్ ఫిచ్ అనేవాడికి అప్పగిస్తాయి. అయితే అప్పటికే నికొలస్ ఈస్టర్ అనే యువకుడు మారుపేరుతో ఆ జ్యూరీలో చేరి కూర్చుంటాడు. బయటినుంచి మార్లీ అనే యువతి, తీర్పు అమ్మకానికి ఉందని ఫిచ్‌తో బేరం పెడుతుంది. ముగింపు చెప్పకుండా ఈ ఉత్తరాలకు జవాబు చెప్పలేం కనుక, పుస్తకం చదవనివారు ఇక్కడ ఆపి, చదివిన తర్వాత మిగతాది వినడం మంచిది.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు, ‘ఫిచ్ చేస్తే నేరమైన పని నికొలస్ చేస్తే న్యాయం ఎలా అవుతుంది?’ అని నిలదీశారు. పర్లాకిమిడి శ్రోత ఒకరు మాత్రం, మార్లీ తల్లిదండ్రులిద్దరినీ పొగే బలి తీసుకుందని తెలిశాక తన అభ్యంతరాలన్నీ కరిగిపోయాయని రాశారు. వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఈ రెండు పక్షాలలోనే సర్దుకుంటాయి.

ప్లీడరుగారు: నేను ఉపాధ్యాయురాలి పక్షం, అమ్మా. జ్యూరీకి పెద్దగా ఎన్నికైన హెర్మన్ గ్రైమ్స్‌కు చూపు లేదు. న్యాయమూర్తి చెప్పిన నియమాలను తు.చ. తప్పకుండా పాటించేవాడు అతనే. అటువంటివాడి కాఫీలో ఏదో కలిపి, అస్వస్థుణ్ని చేసి తప్పించి, ఆ స్థానంలోకి నికొలస్ వస్తాడు. రచయిత ఆ ఘట్టాన్ని ఎంత చురుగ్గా నడిపాడంటే, మనం చప్పట్లు కొట్టబోయి ఆగుతాం. ఫిచ్ నుంచి రాబట్టిన కోటి డాలర్లను మార్లీ చివరికి తిరిగి ఇచ్చేస్తుంది గదా అని చాలామంది వాదించారు. నిజమే, కానీ ఆ డబ్బుతో కంపెనీల షేర్ల ధర పడిపోతుందని పందెం కాసి, తాను గడించుకున్న తర్వాతే ఇచ్చింది. సొమ్ము తిరిగి ఇచ్చినంత మాత్రాన తీర్పు శుద్ధి కాదు.

వ్యాఖ్యాత: గుణుపురంలో కిరాణా వ్యాపారం చేసే శ్రోత, పుస్తకం బిగువుగా ఉన్నా మన ప్రాంతానికి దానితో సంబంధం లేదనీ, మనకు జ్యూరీయే లేనప్పుడు దాన్ని కొనే ప్రసక్తి ఎక్కడిదనీ అడిగారు.

ప్లీడరుగారు: ఆయన వ్యాపారమే చేసే పాత్ర ఒకటి పుస్తకంలో ఉంది. ఆ పాత్రను ఆయన ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు. జ్యూరీ సభ్యుల్లో ఒకడైన లోనీ షేవర్ ఒక సరుకుల దుకాణానికి మేనేజరు. అతని చేతిలో ఎవరూ నోట్ల కట్ట పెట్టలేదు. అతను పనిచేసే సంస్థనే కొత్త యజమానులు కొంటారు, పిలిచి గౌరవిస్తారు, పెద్ద ఉద్యోగం ఆశ చూపుతారు, ఈ దావాలో సిగరెట్ కంపెనీ ఓడిపోతే వ్యాపారాలకు మంచిది కాదని మాటల మధ్యలో అనిపిస్తారు. నవలలో బెదిరింపులూ దొంగ ఎఫ్‌బీఐ ఏజెంట్లూ ఉన్నారు గాని, నాకు నమ్మబుద్ధి అయింది ఈ ఒక్క ఘట్టమే, ఎందుకంటే ఇది నేను కళ్లారా చూసినది.

వ్యాఖ్యాత: జ్యూరీ లేనిచోట ఎలా చూశారు?

ప్లీడరుగారు: మన దగ్గర జ్యూరీ బదులు సాక్షి ఉన్నాడు. ఒక కొట్లాట కేసులో, పోలీసులకు అంతా విడమరిచి చెప్పిన మనిషి, కోర్టులో బోను చెక్కను రెండు చేతులా పట్టుకుని, ‘చీకట్లో సరిగ్గా చూడలేదండి’ అన్నాడు. వెనుక బెంచీలో కూర్చున్నది అతను పనిచేసే రైసు మిల్లు యజమాని. ఆయన పెదవి కదపలేదు, కదపవలసిన అవసరమూ లేదు. సాక్షి ఎదురు తిరిగాడని రాసుకుని, మేమంతా తరువాతి కేసుకు వెళ్లిపోయాం. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించి, దేశమంతటా అమలు చేయమన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన, క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత కూడా రాష్ట్రాలు ఇటువంటి పథకాన్ని రూపొందించాలని చెబుతోంది. పథకం సాక్షికి పోలీసు కాపలా ఇవ్వగలదు, మిల్లులో కూలి ఇప్పించగలదా?

వ్యాఖ్యాత: ఛత్రపురం దగ్గరి తీరగ్రామం నుంచి వచ్చిన ఉత్తరం వేరే తరహాది. అక్కడి ముసలమ్మలు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారనీ, అంగిలి పుండ్లతో బాధపడుతూ కూడా ఎవరినీ నిందించరనీ, ఇష్టపడి తాగినవాడికి కోట్ల పరిహారం అన్యాయమనీ ఆ ఊరి మహిళ ఒకరు రాశారు.

ప్లీడరుగారు: ఉత్తరాలన్నిటిలో నాకు ఇదే నచ్చింది, అయినా దానితో ఏకీభవించను. చుట్టను ఆ ముసలమ్మే చుట్టుకుంటుంది, పొగాకు ఎంత ఘాటో ఆమెకు తెలుసు. నవలలో వాది వకీళ్ల ఆరోపణ అది కాదు. నికొటిన్ వ్యసనం పట్టిస్తుందని తెలిసి కూడా కంపెనీ దాచిందనీ, పిల్లలకే గురి పెట్టి ప్రకటనలు ఇచ్చిందనీ వారి వాదన. నష్టపరిహారం 20 లక్షల డాలర్లే. శిక్షగా వేసినది 40 కోట్లు. ఆ రెండవ అంకె చూసి, ఇది కల్పన అని చాలామంది నవ్వారు. అసలు మిసిసిపీ రాష్ట్రమే పొగాకు కంపెనీల మీద 1994లో దావా వేసింది. 1998 నవంబరు నాటికి 46 రాష్ట్రాలతో కంపెనీలు రాజీపడి, 25 ఏళ్లలో దాదాపు 20,600 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అన్నట్టు, ఆ రాష్ట్రంలో సివిల్ దావాకు పన్నెండుగురూ ఏకం కానక్కరలేదు, తొమ్మిది ఓట్లు చాలు. ఆ సంగతి పట్టుకుంటే నికొలస్ లెక్కలు సులభంగా అర్థమవుతాయి.

వ్యాఖ్యాత: జ్యూరీ ఎంపిక సాగదీతగా ఉందనీ, 2003 నాటి సినిమాయే నయమనీ అన్నవారు కూడా ఉన్నారు.

ప్లీడరుగారు: సినిమాలో దావా తుపాకుల కంపెనీ మీదికి మారింది, ఊరు న్యూ ఆర్లియన్స్ అయింది. నటులు గొప్పవాళ్లే గాని, ఎంపిక సాగినంతసేపూ కలిగే చికాకు లేకపోతే, పన్నెండుగురిని వడకట్టడానికి ఎంత డబ్బు పారుతుందో తెలియదు. ఆ పేజీలు దాటవేయవద్దు.

వ్యాఖ్యాత: జయపురం శ్రోత, మన దేశంలో, భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసుతోనే జ్యూరీ కథ ముగిసిందని రాశారు.

ప్లీడరుగారు: ఆ మాట అందరూ అంటారు. 1959లో బొంబాయి జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు మరోవైపుగా అతన్ని నిర్దోషి అన్నది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించగా, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అయితే కొన్నిచోట్ల జ్యూరీ విచారణలు ఆ తర్వాత కూడా నడిచాయి. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకుండా పోయింది.

వ్యాఖ్యాత: చివరిగా, ఉపాధ్యాయురాలి ప్రశ్నే అడుగుతాను. మీ కోర్టులో నికొలస్ నిలబడితే?

ప్లీడరుగారు: జ్యూరీ పోయినా, అర్హత లేదని తెలిసీ మారువేషంతోనో మరోవిధంగానో జ్యూరీలో చేరడం నేరమని చెప్పే 229వ సెక్షను, భారత శిక్షాస్మృతిలో 2024 జూన్ దాకా అలాగే ఉండిపోయింది. దాని కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. కాఫీ సంగతి వేరే కేసు. మార్లీ తల్లిదండ్రుల కథ చెప్పి శిక్ష తగ్గించమని అడుగుతాను, పూర్తిగా విడిచిపెట్టమని మాత్రం అడగను.