అక్రోటు కర్ర: టేకు పనివారికి ఒక పరిచయం

సిరొంచ, అహేరి, ఆలాపల్లి ప్రాంతాల నుంచి వచ్చిన వడ్రంగి పెద్దలకు, పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు నమస్కారం.

ఆలాపల్లి టేకు మధ్య పెరిగిన మనకు వాల్‌నట్ అనే మాట కర్రగా కాక, పాలిష్ డబ్బా మీది రంగు పేరుగానే ముందు తెలిసింది. అసలు కర్ర మాత్రం మనం పప్పు తినే అక్రోటు చెట్టుది. పనికి వచ్చే జాతులలో ముఖ్యమైనవి రెండు: కాశ్మీరులో పెరిగే అక్రోటు, అమెరికా తూర్పు ప్రాంతపు నల్ల అక్రోటు. రెండింటిలోనూ చేవ, అంటే మాను లోపలి ముదురు కర్ర, గోధుమ రంగులో ఉంటుంది, నల్ల అక్రోటులో అది చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. చేవ చుట్టూ ఉండే పొర మాత్రం పాలిపోయి ఉంటుంది. అమెరికా మిల్లులలో పలకలకు ఆవిరి పట్టించి ఆ తెల్లదనాన్ని కొంత మరుగుపరుస్తారు. పురుగు ముందు పట్టేది ఆ పొరనే కాబట్టి, కొనేవారు చేవ ఎంతవరకు ఉందో అడిగి తెలుసుకోవాలి.

బరువులో ఇది టేకుకు దగ్గరే. ఎండిన నల్ల అక్రోటు ఘనమీటరుకు సుమారు 610 కిలోలు, టేకు 650 ప్రాంతంలో తూగుతుంది. తేడా అంతా పనిలో తెలుస్తుంది. టేకులోని సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, చిత్రిక అంచును త్వరగా మొద్దుబారుస్తుంది, దాని నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. అక్రోటులో ఈ రెండు బాధలూ లేవు. ఉలి ఎటు తిప్పినా చెక్క పెళుసుగా లేవకుండా తెగుతుంది కనుకనే శ్రీనగర్ కళాకారులు చినారు ఆకులను, ద్రాక్ష తీగలను అంత లోతుగా చెక్కగలుగుతున్నారు. అన్నిటికంటే ముదురు రంగు గల వేరు కర్రకు అక్కడ విలువ ఎక్కువ. జమ్మూ కాశ్మీరులో 1969 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్రోటు చెట్టును నరకకూడదు. ధరకు అదీ ఒక కారణం.

ఆరబెట్టడంలో మాత్రం తొందర పనికిరాదు. మాను వలయాల వెంబడి కోసిన పచ్చి పలక వెడల్పు 100 సెంటీమీటర్లు అనుకుంటే, నల్ల అక్రోటు పూర్తిగా ఎండేసరికి దాదాపు 8 సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది, టేకు 6 లోపే ఆగుతుంది. ఒకసారి సరిగా ఎండాక ఇది ఆకారం మార్చుకోదు, అదురును ఓర్చుకుంటుంది. తుపాకీ వెనుక భాగానికి తరతరాలుగా దీనినే ఎంచుకున్నది అందుకే. అయినా ప్రాణహిత, గోదావరి కలిసే మన చోట వానకు తడిసే ద్వారబంధానికి దీనిని వాడడం, నా అభిప్రాయంలో, డబ్బు దండగ. తడినీ చెదలనూ తట్టుకోవడంలో ఇది టేకుకు సాటిరాదు. పెట్టెలు, బల్లపైభాగాలు, నగిషీ పలకలు దీనికి తగిన పనులు.

తడి తగిలే చోట ఇనుప మేకు కొడితే దీనిలోని టానిన్ అనే వగరు పదార్థం వల్ల చుట్టూ నల్లమచ్చ పడుతుంది, ఇత్తడి మరలు మేలు. నల్ల అక్రోటు చిత్రిక పొట్టును గుర్రాల కింద పరచకూడదు, వాటి గిట్టలకు వాపు వస్తుంది. మెరుగుకు పలుచని నూనె పూత చాలు, ముదురు రంగు పూస్తే కర్ర గీతలు మునిగిపోతాయి. ఇక, చాలా కర్రలు కాలంతో ముదురుతాయి గాని ఇది ఎండ తగిలేకొద్దీ తేలిక రంగుకు వస్తుంది. పాత బల్లకు అతుకు వేయాల్సి వస్తే, నేటి రంగుకు సరిపోయే ముక్క కొన్నాళ్లకు వేరుగా కనిపిస్తుందని ముందే లెక్కలోకి తీసుకోవాలి.