పోర్చుగీసు నేర్చుకోకుండా సావో పౌలో వెళ్ళకండి

వేదిక మీదున్న పెద్దలకు, డీన్ గారికి, నాకు పాఠాలు చెప్పిన మాస్టార్లందరికీ నమస్కారం. వచ్చే ఆగస్టులో స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద బ్రెజిల్‌లోని సావో పౌలో వెళ్తున్న ఆరుగురూ ముందు వరసలోనే ఉన్నారు. నేను వచ్చింది వాళ్ళ కోసం. అందుకని మర్యాదలు ఇక్కడితో ఆపేస్తాను, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

నాకు ఇచ్చిన టాపిక్ ‘అంతర్జాతీయ అవకాశాలు’. రాత్రి కూర్చుని పన్నెండు పాయింట్లు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక టీ దగ్గర మీలో ఒకమ్మాయి, ‘అక్కా, క్లాసులన్నీ ఇంగ్లీషులోనేనట కదా, ఇంక పోర్చుగీసు ఎందుకు?’ అంది. 2019లో నేను అక్కడికి వెళ్ళే ముందు ఇదే హాల్లో నాతోనూ ఇదే మాట అన్నారు. అది విన్న తర్వాత ఆ పన్నెండు పాయింట్లు చదవబుద్ధి కావడం లేదు. కాగితం మడిచి పెట్టేస్తున్నాను.

ముందు పనుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. యెల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, నారాయణగూడ ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పోగొట్టుకోకండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు. అక్కడ దిగిన 90 రోజుల్లోపు ఫెడరల్ పోలీసు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, పది వేళ్ళ ముద్రలూ తీసుకుంటారు. సీపీఎఫ్ అని మన పాన్ లాంటి నంబరు ఒకటుంటుంది, అది లేకపోతే చిన్న పనులు కూడా ఆగిపోతాయి. ఆగస్టులో అక్కడ చలి, స్వెటర్ పెట్టుకోండి.

చదువు గురించి టెన్షన్ పడకండి. బ్రెజిల్‌లో పెద్ద పేరున్న జెటూలియో వర్గాస్ ఫౌండేషన్ వాళ్ళ సావో పౌలో బిజినెస్ స్కూలు 1954లో మొదలైంది. దానికి సాయం చేసింది అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ. కేసు స్టడీలు, గ్రూప్ వర్కు, ప్రెజెంటేషన్లు అన్నీ మనం ఇక్కడ చేసేవే. సబ్జెక్టు దగ్గర మీరెవరూ ఆగిపోరు. నేను ఆగిపోయింది ఒక కౌంటర్ దగ్గర.

వెళ్ళిన రెండో వారం. ఒక ఆఫీసులో కాగితం కోసం రెండు గంటలు క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. కౌంటర్‌లో ఆవిడ నా ముఖం చూసి, ‘పోయిస్ నావ్?’ అంది. నావ్ అంటే ‘కాదు’ అని నాకు తెలుసు. నాకు వచ్చిన పది మాటల్లో అదొకటి. నా పని కాదంటోంది అనుకుని, ఫైలు పట్టుకుని బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మళ్ళీ అపాయింట్‌మెంట్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ‘పోయిస్ నావ్’ అంటే ‘చెప్పండమ్మా, ఏం కావాలి?’ అని అర్థం. ఆవిడ నన్ను మర్యాదగా పలకరించింది. ఈ ఒక్క మాట ఎవరైనా ముందు చెప్పి పంపి ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి.

ఇక క్లాసు. సప్లై చెయిన్ కోర్సులో ఐదుగురం ఒక గ్రూపు. నలుగురూ బ్రెజిల్ వాళ్ళే, మంచి పిల్లలు. అక్కడ చాలామంది పగలు ఎస్తాజియు, అంటే ఇంటర్న్‌షిప్, చేస్తారు. చట్టం ప్రకారం రోజుకి ఆరు గంటల దాకా చేయొచ్చు. దానివల్ల మా గ్రూపు కూర్చునేసరికి రాత్రి తొమ్మిది దాటేది. పగలంతా పనిచేసి అలసిపోయిన మనిషి ఇంగ్లీషులో ఎంతసేపు మాట్లాడతాడు? రెండు నిమిషాలు ఇంగ్లీషు, తర్వాత పోర్చుగీసు. నా వైపు చూసి ‘దెస్కుల్పా’ అని సారీ చెప్పేవారు. మళ్ళీ రెండు నిమిషాలు ఇంగ్లీషు, మళ్ళీ పోర్చుగీసు. నేను నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటూ కూర్చునేదాన్ని. కమలాపండు రసం ఎగుమతి మీద ప్రాజెక్టు చేద్దామని నిర్ణయం కూడా అయిపోయింది. అయిపోయిందని నాకు తర్వాతి వారం తెలిసింది.

దయచేసి ఈ మాట రాసుకోండి. క్లాసు ఇంగ్లీషులో ఉంటుంది. పని పోర్చుగీసులో జరుగుతుంది.

నాకు భాష నేర్పింది మా ఇంటావిడ. అక్కడ పెద్దావిడని పేరు ముందు ‘దోనా’ చేర్చి పిలుస్తారు, మనం ‘అమ్మగారు’ అన్నట్టు. మొదటి ఆదివారం ఆవిడ కుక్కర్‌లో ఫెయిజావ్, అంటే చిక్కుడు గింజలు, పెట్టింది. నేను అలవాటు కొద్దీ వేలు చూపించి, ఎన్ని విజిల్స్ అని సైగ చేశాను. అక్కడి కుక్కర్‌కి విజిల్స్ ఉండవు. మూత మీద బరువు అలా తిరుగుతూ, బుస్సుమంటూ ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆవిడ గడియారం చూపించింది. ఆ రోజు నుంచి వంటింట్లో ఒక్కో వస్తువు పట్టుకుని పేరు చెప్పడం మొదలుపెట్టింది. బల్ల మీద చెయ్యి వేసి ‘మేజా’ అంది. తువ్వాలు చూపించి ‘తోఆల్యా’, బీరువా తలుపు తట్టి ‘అర్మారియు’, చొక్కా గుండీ పట్టుకుని ‘బొతావ్’ అంది. మేజా, తువ్వాలు, అలమర, బొత్తాం! ఒకప్పుడు ఓడల్లో మన తీరానికి వచ్చిన మాటలు ఇవి. మన మేస్త్రీ కూడా వాళ్ళ ‘మెస్త్రి’యే. మీకు పోర్చుగీసు అస్సలు రాదని ఇంక అనకండి, చిన్నప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి.

నాది పలాస. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఇప్పుడు పప్పు మీద పొట్టు తీస్తుంది, అంతకుముందు చాలా ఏళ్ళు పిక్కలు కొట్టింది. పిక్క పెంకులో నూనె ఉంటుంది, అది తగిలితే చర్మం కాలుతుంది. బూడిద రాసుకుని కూర్చున్నా ఆగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం తోటల్ని పడగొట్టింది. ఆ తర్వాతి ఏడాదే నేను బ్రెజిల్ వెళ్ళాను. సావో పౌలో మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదంటే పలాసలో తెల్లవారుజామున ఐదున్నర. అమ్మ ఫ్యాక్టరీకి బయల్దేరే ముందు ఫోన్ చేసేది, సరిగ్గా మా గ్రూప్ మీటింగు మొదలయ్యే వేళకి.

అక్టోబరులో ఒక రాత్రి క్యాంటీన్‌లో పక్కనున్న అమ్మాయి గ్లాసులో రసం తాగుతోంది. వాసన తగిలింది. వేసవిలో మా తోటలో జీడిమామిడి పళ్ళు రాలి, ఎండకి పులిసినప్పుడు వచ్చే వాసన. ‘ఇదేంటి?’ అని పోర్చుగీసులోనే అడిగాను, అప్పటికి ఆ మాత్రం వచ్చింది. ‘కజు’ అంది. మనం పిక్క తీసుకుని పండుని చెట్టు కిందే వదిలేస్తాం. వాళ్ళు పండు రసం తీసి తాగుతారు. జీడిమామిడి పుట్టిల్లే ఈశాన్య బ్రెజిల్, పోర్చుగీసు వాళ్ళు మన దేశానికి తెచ్చారు. చదువుకున్నాను, తెలుసు. కానీ ఆ వాసన పలాసకి దాదాపు పదిహేను వేల కిలోమీటర్ల దూరంలో తగిలేసరికి కాళ్ళు కదల్లేదు.

ఆ అమ్మాయి మా గ్రూపులోదే. ఈశాన్య బ్రెజిల్‌లోని సెఆరా రాష్ట్రం నుంచి వచ్చింది. రెండు నెలల్లో ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎందుకో ఆ రాత్రి తెలిసింది. ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ రెండు నిమిషాలు ఆమె నోరు మూసుకునేది, మిగతా సమయం నేను మూసుకునేదాన్ని. ఒకే బల్ల ముందు కూర్చున్నాం, రెండు నెలలు!

ఫోన్‌లో అమ్మ చేతుల ఫోటో చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత తన చూపుడు వేలి కొనని బొటనవేలితో రుద్ది చూపిస్తూ, వాళ్ళ అమ్మమ్మ ఇంటి పెరట్లో జీడిపిక్కలు కాల్చేదని, వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయని చెప్పింది. గుర్తింపు కార్డు కోసం వెళ్తే ముద్ర పడలేదట. నాకు ఒళ్ళు జలదరించింది. మా అమ్మకి రేషన్ డిపోలో వేలిముద్ర పడదు. ఒక వేలు, ఇంకో వేలు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ ఇంకో వేలు. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటారు. కొన్ని నెలలు బియ్యం లేకుండానే తిరిగొచ్చింది. మూడు వారాల ముందు ఫెడరల్ పోలీసు దగ్గర నా పది వేళ్ళూ మిషన్ మీద పెడితే ఒక్కసారికే పడ్డాయి. ఆ రోజు అదేం పెద్ద విషయంగా తోచలేదు.

మేమిద్దరం మాస్టారి దగ్గరికి వెళ్ళి అడిగాం. కమలాపండు ప్రాజెక్టులోనే జీడిపప్పు మీద ఒక భాగం చేర్చుకోనిచ్చారు. బస్తా 80 కేజీల పిక్కలకి రైతుకి ఎంత, కొట్టిన మనిషికి ఎంత, షాపులో డబ్బాకి ఎంత, పలాసకీ సెఆరాకీ పక్కపక్కన పెట్టి చూపించాం. నా భాగం నేను పోర్చుగీసులోనే చెప్పాను. తప్పులు వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు.

డీన్ గారూ, ఒక విషయం ఇక్కడే అడగాలి. తిరిగొచ్చాక నా నాలుగు కోర్సుల్లో ఒకటి లెక్కలోకి రాలేదు. పేరు కలవలేదన్నారు, చివరి టర్మ్‌లో మళ్ళీ చదివాను. పోర్చుగీసు క్లాసుకైతే అసలు క్రెడిట్టే లేదు. పిల్లలు ఎందుకు చేరతారు? ఈ ఆరుగురి కోర్సుల లిస్టు మీద వాళ్ళు విమానం ఎక్కక ముందే సంతకం చేసి ఇవ్వండి. భాషకి కూడా ఒక్క క్రెడిట్ ఇవ్వండి. సీనియర్‌గా కోపంతో అడగడం లేదు, బతిమాలుతున్నాను.

రెండోది. ఆగస్టుకి నాలుగు నెలలుంది. శనివారం సాయంత్రం ఒక గది, ఒక బోర్డు ఇప్పించండి చాలు. నేను హైదరాబాద్‌లోనే ఉంటాను, వచ్చి పాఠం చెప్తాను, జీతం వద్దు. సెఆరా అమ్మాయి వీడియో కాల్‌లో వస్తానంది, మనకి సాయంత్రం అయితే అక్కడ పొద్దున్నే. ఆమెకి ఇంగ్లీషు మాట్లాడే వాళ్ళు కావాలి, మీకు పోర్చుగీసు మాట్లాడే వాళ్ళు కావాలి.

తల్లీ, టీ దగ్గర అడిగావు కదా, ముందు నిన్నే అడుగుతాను. ఈ శనివారం వస్తావా? మిగతా ఐదుగురూ కూడా చేతులెత్తండి. డీన్ గారి ముందే లెక్కపెట్టుకుంటాను.