ఫైలు మీద సంతకం లేని మనిషి

శ్రోతలకు నమస్కారం.

ఎస్‌టీడీ బూత్‌లు గుర్తున్నాయా? తిరుపతి బస్టాండు చుట్టూ ఎటు చూసినా అవే ఉండేవి. గుండు చేయించుకుని కొండ దిగినవాళ్లు లడ్డూ సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, మీటరు మీద ఎర్రంకెలు పరిగెడుతుంటే, "దర్శనం బాగా అయింది, రేపొద్దున బయల్దేరతాం" అని గబగబా చెప్పి పెట్టేసేవాళ్లు.

ఆ బూత్ వెనక ఒక సలహాదారు ఉన్నారు. శామ్ పిట్రోడా. ఒడిశాలో పుట్టి, అమెరికాలో టెలిఫోన్ రంగంలో పనిచేసి వచ్చిన ఇంజనీరు. మంత్రి కాదు, ఐఏఎస్ కాదు. 1987లో ప్రధాని రాజీవ్ గాంధీకి సలహాదారు అయ్యారు. అప్పట్లో ఇంటికి ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్లకేళ్లు కాచుకోవాలి. అందరి లెక్కా ఎన్ని కనెక్షన్లు ఇవ్వగలమన్నదే. పిట్రోడా వాదన వేరు. ఇంటింటికీ ఇప్పట్లో కుదరదు, నడిచి వెళ్లేంత దూరంలో ఒక్క ఫోనుంటే చాలు. దాన్ని ఒక మామూలు మనిషి నడుపుకుని కమీషన్ తీసుకుంటాడు అన్నారు. ఆయన ముందుండి నడిపిన ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ సీ-డాట్, ఏసీ గది అడగని, ఎండకూ దుమ్ముకూ తట్టుకునే 128 లైన్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీ తయారుచేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది బిగించారు. అంతా ఆయన ఘనతే అనను. స్తంభాలెక్కిన లైన్‌మెన్లూ ఉన్నారు. కానీ టెలిఫోన్ శాఖ వేసుకోని ప్రశ్న వేసింది ఆయనే.

సరే, మంచి సలహాదారు సంగతి అది. మరి సలహా బెడిసికొడితే? అసెంబ్లీలో లేచి జవాబు చెప్పాల్సింది మంత్రి. సలహా ఇచ్చినాయనకు ఓటర్లూ లేరు, ఫైలు మీద సంతకమూ లేదు. అందుకే బ్రిటన్‌లో 2010లో చట్టం చేశారు. ప్రత్యేక సలహాదారులు సర్కారు సొమ్ము ఖర్చుకు అనుమతి ఇవ్వకూడదు. వాళ్లెంతమంది, ఖర్చెంత, ఏటా చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్‌లోనేమో 175 సీట్ల అసెంబ్లీకి ముఖ్యమంత్రితో కలిపి 26 మందే మంత్రులుండాలని రాజ్యాంగం గీత గీసింది. సలహాదారులకు ఆ గీత లేదు, కేబినెట్ హోదా మాత్రం దొరుకుతుంది. ఏ పార్టీ వచ్చినా ఇదే వరస. హోదా ఇస్తే ఇవ్వండి గానీ, సలహా కాగితం మీద పెట్టించండి అంటాను నేను.

మన చిత్తూరు మామిడే చూడండి. 2025లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకి 12 రూపాయలన్నారు. అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. ఆ ఎనిమిది ఎవరు లెక్కగట్టారు? ఆ నాలుగు ఎవరు చెప్పారు? కోత కూలీ, ట్రాక్టరు బాడుగ లెక్కలోకి తీసుకున్నారా?

తెలుసుకోవడానికి దారుంది. 2005 సమాచార హక్కు చట్టం. అన్నట్టు, దాని వెనకా ప్రజా ఉద్యమాలతో పాటు ఒక సలహా మండలి సిఫార్సులున్నాయి. మంత్రివర్గం నిర్ణయం తీసుకుని పని ముగిశాక, కారణాలూ ఆధారాలూ బయటపెట్టాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. జిల్లా ఉద్యాన శాఖ కార్యాలయంలో పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఫైలు వేరే ఆఫీసులో ఉంటే అక్కడికి పంపాల్సిన బాధ్యత వాళ్లదే. ఒక్కటి మాత్రం మరవకండి. "ఈ ధర ఎందుకు పెట్టారు?" అని రాస్తే జవాబు దాటేస్తారు. "ధర నిర్ణయించిన ఫైలులో నోట్ షీట్ల నకళ్లు ఇప్పించండి" అని రాయండి. నోట్ షీట్లంటే ఫైలులో అధికారులు తమ అభిప్రాయాలు రాసే కాగితాలు. నకలు పేజీకి 2 రూపాయలు.

సెలవు.