తేటనీళ్లను కంటితో చూసి నమ్మలేం

అందరికీ నమస్కారం. జువాలజీ చదివే పిల్లల ముందు మాట్లాడమని పిలిచినందుకు చాలా సంతోషం. నేను లెక్చరర్‌ని కాను. నల్లగొండలో మా ఇంటి ముందుగదిలో కొన్నేళ్లుగా సముద్రపు చేపలను పెంచుతున్నాను.

ఈ బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో మా పెద్ద ట్యాంకు నీళ్లు. రెండోదాంట్లో, మొన్న కొత్త చేప వచ్చిన కవర్‌లోని నీళ్లు. చూడటానికి రెండూ ఒకేలా తేటగా ఉన్నాయి. రెండింట్లోనూ అమ్మోనియా, అంటే చేపలు వదిలే విషవ్యర్థం, ఎంతుందో తెలిపే టెస్ట్ చుక్కలు వేస్తున్నాను. రంగు తేలడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

తేటనీళ్లు ఎంత మోసం చేస్తాయో మన జిల్లాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్లు, వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం. దానికి కారణమైన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేస్తే, దానికి మన ఊరి పేరే పడింది, నల్లగొండ టెక్నిక్ అని. ట్యాంకు ముందు కూర్చుని టెస్ట్ చేసే ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. సముద్రపు నీళ్లలో కూడా లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. కాబట్టి మన బోరు నీళ్లతో నాకు బాధ ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. వాటి గట్టిదనం, నైట్రేట్, సిలికా, లోపల ఇంకేం ఉన్నాయో తెలియకపోవడం. అందుకే ఆర్‌ఓ నీళ్లు తెచ్చుకుంటాను. ఇరవై లీటర్ల క్యాన్ అయినా సరే, ముందు నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తాను. అందులో ఆక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు కలిపి, లీటరుకు 35 గ్రాముల లవణాలు ఉండేలా చూసుకుంటాను. వంటింటి కల్లుప్పు వద్దు. సముద్రపు నీళ్లలో ఉండాల్సిన కాల్షియం, మెగ్నీషియం ఆ మోతాదులో దాంట్లో ఉండవు.

ఇక క్వారంటైన్ ట్యాంకు, అంటే కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే ట్యాంకు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మొదట్లో ఒక దుకాణంలో నాలుగు క్లౌన్ ఫిష్‌లు కొన్నాను. వాటి ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించాయి. వేరే ట్యాంకులో పెట్టాను. ఐదో రోజుకు చుక్కలు రాలిపోయాయి. తగ్గిపోయిందని పెద్ద ట్యాంకులో వదిలేశాను. రెండు వారాలు తిరగకముందే కొత్తవాటితో పాటు పాతవి కూడా పోయాయి. ఆ రోజు ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

ఆ చుక్కల వెనక ఉన్నది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే సీలియేట్ పరాన్నజీవి, అంటే సన్నటి వెంట్రుకలతో ఈదే ఏకకణ జీవి. చేప చర్మం కింద మూడు నుంచి ఏడు రోజులు తిని, తనంతట తానే రాలిపోతుంది. మనం రోగం తగ్గిందనుకునేది సరిగ్గా అప్పుడే. కిందికి చేరి, చుట్టూ తిత్తి కట్టుకుని, లోపల విడిపోతూ వందల పిల్లలవుతుంది. అవి కొన్ని రోజులకో కొన్ని వారాలకో బయటికొచ్చి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. తిత్తిలో ఉన్నప్పుడు మందు పనిచేయదు, చేప ఒంటి మీద ఉన్నప్పుడూ పనిచేయదు. ఈదుతున్న ఆ కొద్ది గంటల్లోనే దొరుకుతుంది. అందుకే మందును నీళ్లలో వారాల తరబడి ఒకే మోతాదులో నిలబెట్టాలి.

చుక్కలు కాకుండా ఒంటి మీద సన్నటి బంగారు పొడి అద్దినట్టుంటే అది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి రోగం. దానికి రెండు మూడు రోజుల్లోనే చేపను చంపేంత వేగం ఉంది. దాన్ని చూస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోకండి.

నీళ్లలో వారాల తరబడి నిలబెట్టాలన్న ఆ మందు రాగి. అయానిక్ కాపర్, అంటే నీళ్లలో విడిగా కరిగి ఉండే రాగి అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు ఉండాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది. మన బత్తాయి తోటల్లో బోర్డో మిశ్రమం కలిపేవాళ్లకు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, బాగా తెలుసు. ఒక శాతం మిశ్రమానికి వంద లీటర్లకు కిలో వేస్తారు. అదే వంద లీటర్ల చేపల ట్యాంకుకు కావాల్సింది దాదాపు 80 మిల్లీగ్రాములే, చిటికెడు కూడా కాదు. అందుకని తోటకు తెచ్చిన తుత్తం ట్యాంకులో వేయకండి. ఆక్వేరియం మందు కొనండి, రెండు మూడు రోజుల్లో మెల్లగా మోతాదు పెంచండి, రోజూ టెస్ట్ చేయండి. కీలేటెడ్ కాపర్, అంటే వేరే పదార్థంతో కట్టిపడేసిన రాగి, మోతాదు వేరు, సీసా మీద రాసినట్టే వాడాలి. ట్యాంకులో ఇసుక, గవ్వలు, పగడపు రాళ్లు పెట్టకండి, అవి రాగిని పీల్చేస్తాయి. చేప దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. రొయ్యలను, పగడాలను ఆ నీళ్లలో వేస్తే చచ్చిపోతాయి.

ఐదు నిమిషాలయింది. సీసాలు చూడండి. మా ట్యాంకు నీళ్లు పసుపుగానే ఉన్నాయి, అంటే అమ్మోనియా లేదు. కవర్ నీళ్లు ముదురు ఆకుపచ్చ.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువ మంది చేపలను పోగొట్టుకునేది ఇక్కడే. మూసిన కవర్‌లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, అందుకే అన్ని గంటల ప్రయాణంలోనూ చేప బతికింది. కవర్ విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 8.2, వేడి 28 డిగ్రీలు ఉంటే విషరూపం దాదాపు 8 శాతానికి చేరుతుంది. మంచి చేస్తున్నామనుకుని గంటసేపు కవర్‌లో చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలుపుతూ కూర్చుంటే, ఆ గంటా చేప విషంలో ఉన్నట్టే. క్వారంటైన్ ట్యాంకు లవణీయతను ముందే కవర్ నీళ్లతో సమానం చేసుకోండి. కవర్‌ను పైన తేలేసి వేడి కలవనిచ్చి, విప్పిన వెంటనే చేపను మాత్రమే మార్చండి. ఆ నీళ్లు పారబోయండి.

క్వారంటైన్‌లో పెట్టే స్పాంజి ఫిల్టర్‌ను నెల రోజుల ముందే పెద్ద ట్యాంకు నీళ్లలో వేసి ఉంచండి. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా దాని మీద పెరుగుతుంది. అమ్మోనియా కనిపిస్తే నీళ్లు మార్చండి, మార్చిన నీళ్లకు సరిపడా రాగి మళ్లీ కలపండి. రాగి ఉన్న నీళ్లలో అమ్మోనియా విరిచే మందులు పోయకండి. యాక్టివేటెడ్ కార్బన్ కూడా తీసేయండి, అది మందును లాగేస్తుంది.

మన ఎండాకాలంలో ఇంకో టెన్షన్. నీళ్లు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, అందులో కరెంటు పోతే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి తప్పక ఉంచుకోండి.

రాగిని కనీసం మూడు వారాలు ఉంచాలంటారు, నేను 30 రోజులు ఉంచుతాను. రోగం సోకిన పెద్ద ట్యాంకును మాత్రం, చేప దొరక్క పరాన్నజీవి చచ్చిపోవాలని, చేపలు లేకుండా 76 రోజులు వదిలేశాను. పగడాలకు, నీళ్లకు ఏ లోటూ రానివ్వలేదు. ఈలోగా ఒక్క చేపనైనా వేద్దామని మా పిల్లలు రోజూ అడిగేవారు. క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ ఆగాం.

ఇప్పుడు మా ఇంట్లో రెండు క్లౌన్ ఫిష్‌లు క్వారంటైన్‌లో ఉన్నాయి. ఈరోజుకి పంతొమ్మిదో రోజు. పొద్దున చూస్తే రాగి 0.18, అమ్మోనియా సున్నా. రెండూ మేత బాగా తింటున్నాయి.