మత్తడి దుంకే లెక్క

శ్రోతలకు నమస్కారం.

నేను వరంగల్ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. పోయిన చలికాలం మా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురిని వెంటబెట్టుకుని హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లాను. అక్కడ బడి పిల్లలకు ప్రోగ్రామింగ్ పోటీ పెట్టారు. జట్టుకు ముగ్గురు, ముగ్గురికీ కలిపి ఒకటే కంప్యూటర్, 5 లెక్కలు, 3 గంటల టైం. ఈ రోజు మీతో ఆ పోటీ గురించి, దానికి మేం తయారైన తీరు గురించి మాట్లాడాలనుకుంటున్నాను.

కంప్యూటర్ పోటీ అనగానే ఇంట్లో లాప్‌టాప్ ఉన్న పిల్లల వ్యవహారం అనుకుంటారు చాలామంది తల్లిదండ్రులు. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. మా ల్యాబ్‌లో నడిచే మెషిన్లు నాలుగు. సాయంత్రం బడి విడిచాక గంటసేపు ప్రాక్టీసు. మొదటి వారం ఏమైందంటే, టైపింగ్ చురుగ్గా వచ్చిన అబ్బాయి కీబోర్డు ముందు కూర్చునేవాడు, మిగతా ఇద్దరూ వాడి భుజాల మీదుగా తొంగి చూసేవాళ్లు. వాడు లెక్క సగం చదివి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొట్టడం మొదలుపెట్టేవాడు. అరగంటకు తప్పు బయటపడేది, మళ్లీ మొదటికి వచ్చేది.

అందుకని ఒక నియమం పెట్టాను. లెక్కను ముగ్గురిలో ఒకరు తెలుగులో, తన సొంత మాటల్లో మిగతా ఇద్దరికీ చెప్పాలి. వాళ్లు ఒప్పుకున్నాకే కాగితం మీదికి, కాగితం మీద తేలాకే కీబోర్డు మీదికి. పిల్లలకు ఇది నచ్చలేదు. టైం పోతుందని గొడవ పెట్టుకున్నారు.

వాళ్ల మనసు మారింది చెరువుల లెక్కతో. ప్రాక్టీసు కోసం ఆ లెక్క నేనే తయారుచేశాను. మన ప్రాంతంలో కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి కదా. పై చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే దాని కిందిదానిలోకి. ఇప్పుడు ఒకే వరుసలో లక్ష చెరువులు ఉన్నాయనుకోండి. ఒక్కోదానిలో ఎన్ని నీళ్లు పడతాయో ముందే చెప్తాం. తర్వాత లక్ష వానలు. ప్రతి వానా ఏదో ఒక చెరువు మీద కురుస్తుంది. చివరికి ఏ చెరువులో ఎన్ని నీళ్లున్నాయో ప్రోగ్రాం చెప్పాలి. రెండు సెకన్లలో చెప్పాలి.

మా టైపింగ్ అబ్బాయి పావుగంటలో రాసేశాడు. నీళ్లు పోయడం, మిగిలితే కింది చెరువును చూడడం, మిగిలితే ఇంకా కిందిదాన్ని చూడడం. పది చెరువులకు జవాబు సరిగ్గా వచ్చింది. లక్ష చెరువులు ఇస్తే స్క్రీన్ అట్లాగే నిలబడిపోయింది. ఎందుకో బోర్డు మీద వేసి చూపించాను. లక్ష వానలు, ఒక్కోదానికి లక్ష చెరువులు చూడాల్సి వస్తే వెయ్యి కోట్ల అడుగులు. పైథాన్ సెకనుకు సుమారు కోటి అడుగులు వేస్తుందనుకున్నా వెయ్యి సెకన్లు, అంటే 16 నిమిషాలకు పైనే. ఇట్లాంటి పోటీల్లో జవాబు ఒప్పయినా చాలదు, టైంలోపల రావాలి. లేకపోతే ‘టైమ్ లిమిట్ ఎక్సీడెడ్’ అని తిరిగొస్తుంది.

మా జట్టులో అమ్మాయిది పాకాల దిక్కు ఊరు. అప్పటిదాకా ఎక్కువ మాట్లాడేది కాదు. లెక్కను తెలుగులో చెప్పే వంతు ఆ రోజు ఆ అమ్మాయిది. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగింది.

"సార్, మత్తడి దుంకే చెరువుల నీళ్లు పోస్తే ఆగయి గదా. నిండినదాన్ని మళ్లీ మళ్లీ అడుగుడెందుకు? దాని కింద ఇంకా నిండని చెరువేదో ఆడికే పోదాం."

"ఆ చెరువేదో ఎట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాను.

"నిండినప్పుడే రాసి పెట్టుకుందాం సార్. ‘నేను నిండిన, నీళ్లు ఫలానా చెరువుకు పంపుండ్రి’ అని."

ఆ లెక్కకు కావలసిన ఆలోచన మొత్తం అదే. నిండిన ప్రతి చెరువు దగ్గరా తర్వాతి అడ్రసు రాసి ఉంటుంది. ఆ అడ్రసు పట్టుకుని వెళ్తే అదీ నిండి ఉండొచ్చు, అప్పుడు ఇంకో అడ్రసు. చివరికి నిండని చెరువు దొరికాక, దారిలో అడిగిన వాటన్నిటి దగ్గరా ఆ చివరి అడ్రసే దిద్ది పెడితే తర్వాతి వానకు తిరుగుడు తప్పుతుంది. ఇంజనీరింగ్‌లో దీన్ని యూనియన్ ఫైండ్ అనే పేరుతో చెప్తారు. ఆ పేరు ఆ అమ్మాయి ఎన్నడూ వినలేదు. వానాకాలంలో కట్ట మీద నిలబడి చూసిందే చెప్పింది. ప్రోగ్రాం మార్చి రాస్తే రెండు సెకన్ల లోపే జవాబు వచ్చింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక పోటీ సంగతి. ముగ్గురికి ఒక కంప్యూటర్ అనే పద్ధతి కాలేజీ విద్యార్థులకు జరిగే ఐసీపీసీ అనే అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీల నుంచి వచ్చింది. అక్కడైతే 5 గంటలు. ఎక్కువ లెక్కలు చేసినవాళ్లు ముందుంటారు, సమానమైతే టైం చూస్తారు. చివరికి ఒప్పయిన లెక్క మీద అంతకుముందు పంపిన ఒక్కో తప్పు జవాబుకు 20 నిమిషాలు అదనంగా కలుపుతారు. తప్పెక్కడో చెప్పరు. మా పోటీలోనూ అదే నియమం.

మొదటి లెక్క 25 నిమిషాల్లో అయిపోయింది. రెండో దాంట్లో ఇరుక్కున్నారు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బండిలో ‘అట్ మోస్ట్’ మూడు పెట్టెలు అని ఉంటే, టెన్షన్‌లో మా వాళ్లు ప్రతి బండికీ సరిగ్గా మూడు అనుకున్నారు. ప్రశ్న కింద ఇచ్చిన ఉదాహరణలో మూడేసే ఉన్నాయి, అందుకని అది సరిపోయింది. పంపితే తప్పు. మళ్లీ పంపారు, తప్పు. మూడోసారీ తప్పే. గంట జరిమానా పడింది. నేను గాజు తలుపు బయట నిలబడి వాళ్ల ముఖాలు చూస్తున్నాను, లోపలికి పోయి మాట సాయం చేసే వీల్లేదు. అప్పుడు జట్టులో ఇంకో అబ్బాయి ప్రశ్న కాగితం చేతిలోకి తీసుకుని మొదటి వాక్యం నుంచి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడట. "మూడుకు మించొద్దు అన్నడు గని, మూడు పెట్టాల్నని యాడ అన్నడు?" ఈ మాట బయటికొచ్చాక వాళ్లే నాకు చెప్పారు. నాలుగోసారి ఒప్పయింది. మూడో లెక్కకు టైం చాలలేదు. ఐదింటిలో రెండు చేశారు. మొదటి పది జట్లలోకి రాలేదు.

ఒక సంగతి చెప్పాలి. బడి పిల్లలకు ప్రపంచస్థాయిలో అంతర్జాతీయ ఇన్‌ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ అనే ప్రోగ్రామింగ్ పోటీ జరుగుతుంది. 1989లో బల్గేరియాలో మొదలైంది, మన దేశం 2002 నుంచి పాల్గొంటోంది. దేశానికి నలుగురు వెళ్తారు, ఎవరి లెక్కలు వాళ్లే చేస్తారు. అక్కడ ఏ దేశం పెద్దలు ఆ దేశం పిల్లల కోసం ప్రశ్నలను వాళ్ల భాషలోకి మార్చి ఇస్తారు. ప్రపంచ పోటీలోనే ఆ వీలుంటే, హనుమకొండలో తెలుగు పిల్లలకు పెట్టే పోటీలో ఇంగ్లీషు పక్కన తెలుగు ప్రశ్న ఎందుకు ఉండకూడదు? నిర్వాహకులను ఈ మాట అడిగాను. ఇకముందూ అడుగుతాను. తర్జుమా చేసిపెట్టడానికి మాలాంటి టీచర్లం సిద్ధంగా ఉన్నాం.

తల్లిదండ్రులకు ఇంకో మాట. మన దేశంలో ఆ ఒలింపియాడ్‌కు పిల్లలను ఎంపిక చేసే దారిలో కాగితం, పెన్సిల్‌తో రాసే పరీక్ష ఒకటి ఉంది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. లిథువేనియాలో 2004లో మొదలైన బెబ్రాస్ అనే పోటీ కూడా మన దేశంలో జరుగుతోంది. దానికి ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు. మీ పిల్లల బడిలో అడిగి చూడండి.

మా ముగ్గురూ ఈ ఏడు మళ్లీ పోటీకి తయారవుతున్నారు. ఇప్పుడు లెక్కలు వాళ్లే తయారుచేసి కింది తరగతి పిల్లలకు ఇస్తున్నారు. వాటిలో ఒకటి మీకూ ఇస్తాను, కాగితం తీసుకోండి. వరుసగా నాలుగు చెరువులు. వాటిలో పట్టే నీళ్లు 5, 3, 7, 4 బిందెలు. అన్నీ ఎండి ఉన్నాయి. మొదటి చెరువు మీద 6 బిందెల వాన పడింది. తర్వాత రెండో దాని మీద 4. తర్వాత మళ్లీ మొదటి దాని మీద 3. ఇప్పుడు మూడో చెరువులో ఎన్ని బిందెలు? ఆఖరి వాన నీళ్లు ఎన్ని చెరువులను దాటి వచ్చాయి?