పని 1824లో, పోస్టులు 1838లో

నమస్కారం అండీ. సైనిక ఇంజినీర్ల చరిత్ర అనగానే యుద్ధాలు, వంతెనలు పేల్చడాలు చెబుతానని అనుకుని వచ్చినవాళ్లకి ముందే సారీ. నేను చెప్పబోయేది పోస్టుల గురించి. క్యాడర్ స్ట్రెంత్ (అంటే మంజూరైన పోస్టులెన్ని అన్న లెక్క), సీనియారిటీ లిస్టు, ప్రమోషన్ ఖాళీ. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇరిగేషన్‌లోనో ఆర్ అండ్ బీలోనో పనిచేసినవాళ్లే కాబట్టి ఈ బాధేంటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా చేరినవాళ్లు పై మెట్టు డీఈఈ అయ్యేదాకా ఎన్ని ఉగాదులు చూశారో వాళ్లకే తెలుసు.

కథ అమెరికాది. 1802 మార్చి 16న, జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ఒక చట్టం వచ్చింది. సైన్యంలో ఇంజినీర్ల దళం పెట్టుకోవచ్చు అని. ఎంతమందితో? మేజర్ హోదాలో ఒకరు, కెప్టెన్ హోదాలో ఇద్దరు, ఫస్ట్ లెఫ్టినెంట్లు ఇద్దరు, సెకండ్ లెఫ్టినెంట్లు ఇద్దరు, వీళ్ల కింద నెలకు 16 డాలర్ల జీతం మీద పదిమంది క్యాడెట్లు, అంటే ఆఫీసర్లు కాబోయే శిక్షణార్థులు. తర్వాత ప్రమోషన్లు ఇచ్చుకోవచ్చు, కల్నల్ దాకా కూడా వెళ్లొచ్చు, కానీ ఆఫీసర్లూ క్యాడెట్లూ అంతా కలిపి ఏనాడూ ఇరవై మంది దాటకూడదు. ఆ చట్టమే వీళ్లని వెస్ట్ పాయింట్‌లో కూర్చోబెట్టి, అదే మిలిటరీ అకాడమీ అంది. అంటే పాఠం చెప్పేదీ వాళ్లే, కోటలు కట్టేదీ వాళ్లే.

ఆ దళానికి మొదటి అధిపతి జోనాథన్ విలియమ్స్, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి మనవడి వరస. ఆయన ఏడాది తిరిగేసరికి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఇంజినీర్ ఆఫీసర్ ఎంత పెద్ద హోదాలో ఉన్నా మామూలు సైనికుల మీద అతని ఆజ్ఞ చెల్లదన్నారు, ఆయన ఒప్పుకోలేదు. 1805లో బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారు. హోదా కాగితం మీద ఉండి చేతిలో లేకపోతే ఎలా ఉంటుందో మీలో కొందరికి అనుభవమే, దాని జోలికి పోను.

1812లో ఇంగ్లండ్‌తో యుద్ధం ముంచుకొస్తుంటే ఇంకో చట్టం చేసి ఇద్దరు కెప్టెన్లని, నలుగురు లెఫ్టినెంట్లని కలిపారు. పాత చట్టం కిందే ప్రమోషన్లతో 16 దాకా వెళ్లగలిగిన ఇంజినీర్ ఆఫీసర్ల పోస్టులు దాంతో 22 అయ్యాయి. ఈ 22 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, ఇది 26 ఏళ్లు కదల్లేదు.

కదలకపోతే ఏమైంది అంటారా, 1824 వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 30న జనరల్ సర్వే చట్టం చేశారు. దేశానికి వ్యాపారపరంగానో సైనికపరంగానో అవసరమైన రోడ్లకీ కాలువలకీ సర్వే చేయించడానికి సైన్యం ఇంజినీర్లని వాడుకోవచ్చు అని దాని సారాంశం. నెల తిరక్కుండానే, మే 24న, ఒహాయో, మిసిసిపీ నదుల్లో ఇసుక మేటలూ మునిగిపోయిన చెట్ల మొద్దులూ తీసి పడవలకి దారి చేయడానికి 75,000 డాలర్లు ఇచ్చారు. అప్పటికి ఆ దేశంలో ఇంజినీరింగ్ పద్ధతిగా చదువుకున్నవాళ్లు కావాలంటే వెస్ట్ పాయింటే దిక్కు. కాబట్టి కోటలు కడుతున్న చేతులకే నదులు, హార్బర్లు, రోడ్లు, లైట్‌హౌస్‌లు, ఆ తర్వాత రైలు మార్గాల సర్వేలు కూడా వచ్చిపడ్డాయి. పని ఇన్ని రెట్లు పెరిగింది, పోస్టు మాత్రం ఒక్కటి పెరగలేదు.

సైన్యం ఇంజినీరు నది పని చేయడమేంటని కుర్రవాళ్లకి వింతగా అనిపించొచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గుర్రం మీద విగ్రహంగా ఉన్న కాటన్ దొర ఎవరనుకున్నారు? మద్రాస్ ఇంజినీర్స్ దళంలో ఆఫీసరే. గోదావరి మీద ఆయన 1847లో పని మొదలుపెట్టేనాటికి మిసిసిపీ మీద కూడా యూనిఫాం వేసుకున్నవాళ్లే తిప్పలు పడుతున్నారు. ఆ రోజుల్లో లోకం తీరు అది.

సరే, అమెరికాలో ఏం జరిగిందంటే, 1830లు వచ్చేసరికి రైలు కంపెనీలు లేచాయి. సర్వే నేర్చిన ఆఫీసరుకి సైన్యంలో ఇచ్చే జీతం కంటే వాళ్లు ఎక్కువ ఇస్తామన్నారు. పైగా ఫ్లోరిడాలో సెమినోల్ తెగలతో ఎప్పటికి తెగుతుందో తెలియని యుద్ధం. 1836లో ఆఫీసర్లు గుంపులుగా రాజీనామా చేశారు. సైన్యం ఖర్చుతో చదువుకుని, సైన్యంలోనే పని నేర్చుకుని బయటికి పోతున్నారని వాషింగ్టన్‌లో గోల. నా లెక్కలో ఆ ఆఫీసర్లది తప్పు కాదు. పైన ఖాళీ లేదు, కింద పని ఆగదు, బయట పిలుస్తున్నారు, మనిషి ఇంకేం చేస్తాడు?

చివరికి 1838 జూలై 5న కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, చట్టం చేసింది. ఇంజినీర్ల దళానికి అదనంగా ఒక లెఫ్టినెంట్ కల్నల్, ఇద్దరు మేజర్లు, ఆరుగురు కెప్టెన్లు, ఆరుగురు ఫస్ట్ లెఫ్టినెంట్లు, ఆరుగురు సెకండ్ లెఫ్టినెంట్లు. 22 ఉన్నది 43 అయింది, దాదాపు రెట్టింపు. అది చాలదన్నట్టు మ్యాపులు గీసే టోపోగ్రాఫికల్ ఇంజినీర్లకి 36 మంది ఆఫీసర్లతో వేరే దళమే పెట్టారు. అదే చట్టంలో ఇకమీదట ఆఫీసర్లు ప్రైవేటు కంపెనీల పనులకి వెళ్లకూడదని కూడా రాశారు. పోస్టులు ఇస్తూనే తలుపుకి గడియ పెట్టారన్నమాట. పద్నాలుగేళ్లు ఆలస్యంగా ఇచ్చినవాళ్లు గడియ పెట్టడంలో మాత్రం ఆలస్యం చేయలేదు.

ఈ చట్టం ఒక మనిషి జీవితంలో ఎలా పనిచేసిందో చూద్దాం. రాబర్ట్ ఈ. లీ. తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాన్ని నడిపిన లీయే. 1829లో వెస్ట్ పాయింట్ నుంచి బయటికొచ్చి సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. ఫస్ట్ లెఫ్టినెంట్ కావడానికి 1836 దాకా ఆగాడు, ఏడేళ్లు. 1837లో సెయింట్ లూయిస్ పంపారు. మిసిసిపీ ప్రవాహం ఇల్లినాయి ఒడ్డు వైపు జరుగుతూ, సెయింట్ లూయిస్ రేవు ముందు ఇసుక దిబ్బలు పెరుగుతున్నాయి, ఇలాగే వదిలేస్తే ఊరికి రేవే ఉండదు. కట్టలు వేసి ప్రవాహాన్ని మళ్లీ ఊరి వైపు తోయాలి. ఆ పనిలో ఉండగానే 1838 జూలైలో కెప్టెన్ అయ్యాడు. కొత్త చట్టం సంతకమైన కొద్ది రోజులకే, గమనించండి. కెప్టెన్ పోస్టులు ఒక్కసారిగా ఆరు నుంచి పన్నెండు అయ్యాయి కదా, ఆ ఊపులో దొరికింది.

తర్వాత? మెక్సికో యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు, గౌరవ హోదాగా బ్రెవెట్ కల్నల్ కూడా ఇచ్చారు. కానీ ఇంజినీర్ల జాబితాలో అతను కెప్టెనే. 1855 వరకూ కెప్టెనే, పదిహేడేళ్లు. ఆ ఏడాది కొత్త అశ్విక దళాలు పెడుతుంటే, ఇంజినీరింగ్ వదిలేసి లెఫ్టినెంట్ కల్నల్‌గా అటు వెళ్లిపోయాడు. అదే ఏడాది మెక్‌లెల్లన్ కూడా ఇంజినీర్ల నుంచి గుర్రాల వైపు వెళ్లాడు, తర్వాత ఉత్తరాది సైన్యాలకి అధిపతి అయింది ఇతనే. నది తెలిసినవాణ్ని గుర్రమెక్కిస్తే తప్ప పై హోదా ఇవ్వలేని ఏర్పాటు అది.

ఎందుకిలా అంటే, చట్టం పోస్టులు పెంచింది కానీ రిటైర్మెంట్ అన్నది పెట్టలేదు. అప్పటి అమెరికా సైన్యంలో పదవీ విరమణ వయసంటూ లేదు. పైవాడు చనిపోవాలి, రాజీనామా చేయాలి, లేదా అతన్ని తీసేయాలి, అప్పుడే కిందవాడు కదులుతాడు. 1838 డిసెంబర్‌లో ఇంజినీర్ల దళం అప్పటి చీఫ్ ఛార్ల్స్ గ్రాషియోని లెక్కల తగాదాలో తీసేస్తే ఆ కుర్చీలోకి జోసెఫ్ టాటెన్ వచ్చాడు. టోపోగ్రాఫికల్ దళం మీద జాన్ ఏబర్ట్. ఏబర్ట్ డెబ్బై దాటాక 1861లో దిగాడు, అదీ ఆ ఏడాది ఆగస్టులో మొదటి రిటైర్మెంట్ చట్టం వచ్చాకే. అందుకే పోస్టులు పెంచుతున్నాం అని ఏ శాఖ చెప్పినా నేను ముందు అడిగేది, పైనున్నవాళ్లు దిగే దారి ఉందా అని. అది లేకపోతే పెంపు ఒకే ఒక్కసారి పనిచేస్తుంది, ఆ రోజు లైన్లో ముందున్నవాడికి మాత్రమే.

1863 మార్చి 3న మళ్లీ పెంచారు. అంతర్యుద్ధం మధ్యలో, రెండు దళాల్నీ ఒకటి చేసి 105 మంది ఆఫీసర్లు అన్నారు. చీఫ్‌కి బ్రిగేడియర్ జనరల్ హోదా వచ్చింది. అప్పటికి చీఫ్ ఇంకా టాటెనే. కల్నల్‌గా పాతికేళ్లు కూర్చున్న తర్వాత, 74వ ఏట బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. నలభై ఏళ్ల సర్వీసు దాటినవాళ్లు కోరుకుంటే దిగొచ్చని 1861 చట్టం చెప్పింది, ఆయన కోరుకోలేదు. 1864 ఏప్రిల్‌లో ఉద్యోగంలో ఉండగానే చనిపోయాడు. ఆయన తర్వాత కుర్చీ ఎక్కిన రిచర్డ్ డెలాఫీల్డ్ 1818 బ్యాచ్. అప్పటికే ఆయనకి 65 ఏళ్లు.