మూత ఎక్కడుందో చూపించండి

అందరికీ నమస్కారం. సెక్రటరీ సారుకు, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, అక్కలకు దండాలు. సెల్లార్‌లో చేరిన నీళ్లను గుంతలోంచి ఎత్తిపోసే మోటారు ఎందుకు మాటిమాటికీ మొరాయిస్తోందో చెప్పమని పిలిచారు. ముప్పై ఏళ్లుగా కర్నూల్లో ప్లంబింగ్ పని చేస్తున్నా. మోటారు సంగతి ముందే చెప్పేస్తాను. నేను చెప్పుకోవాల్సింది వేరే ఉంది.

మోటారు గుయ్యిమంటుంది, నీళ్లు ఎక్కవు. అప్పుడు లోపల ఇంపెల్లర్‌కు, అంటే నీళ్లను తోసే రెక్కల చక్రానికి, గుడ్డపీలికో కవరో చుట్టుకుందేమో చూడాలి. గుంత ఖాళీ అయినా ఆగకపోతే, నీళ్ల మీద తేలుతూ మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ వైరుకో గోడకో చిక్కుకుని పైనే ఉండిపోయింది. ఆగి, వెంటనే మళ్లీ మొదలవుతుంటే నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదు, పైపులోకి ఎక్కిన నీళ్లే వెనక్కి దిగుతున్నాయి. చెయ్యి పెట్టే ముందు కరెంటు మెయిన్ ఆపండి. వానాకాలానికి ముందే గుంతలో నాలుగు బకెట్లు పోసి, మోటారు దానంతటదే ఎత్తుకుంటుందా చూసుకోండి. వాన మొదలైతే కరెంటు పోతుంది కాబట్టి ఆ మోటారుకూ జనరేటర్ లైను ఇప్పించండి.

ఇక సెప్టిక్ ట్యాంకు. ఒక్క బాత్రూములో నీళ్లు నిలబడితే జామ్ ఆ లైనులోనే. కింది అంతస్తులో అన్నిచోట్లా నిలబడితే ట్యాంకు దగ్గరో, దానికి పోయే పెద్ద పైపులోనో చూడాలి. వానప్పుడు మాత్రమే ఎగదన్నుతోందా? డాబా మీది వాననీళ్ల పైపును ఎవరైనా ఆ లైనులో కలిపారేమో చూడండి. లేదంటే ట్యాంకు నీళ్లు పోయే ఇంకుడు గుంత తాగడం మానేసింది. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బిపోతుంది, నీళ్లను ఇంకనివ్వదు. దానికి యాసిడ్ పోస్తే ఏం లాభం? లోపల మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి, అంతే. రెండు మూడేళ్లకోసారి బండిని పిలిచి బురద తీయించాలి.

బండి వస్తుంది. మూత ఏదమ్మా? నా బాధంతా ఇదే. మూత మీద బేతంచెర్ల బండలు పరిచేసి ఉంటారు. ఆ బండల మీద కారు, కారు పక్కన తులసికోట. ఒక మూల చిన్న కంత చేస్తే గొట్టం అడుగుదాకా పోదు. అప్పుడు ఓనరు నోట వచ్చే మాట, "ఒక మనిషిని దింపు, పని అయిపోతుంది."

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరిని ముంచాయి కదా. ఇక్కడున్న చాలామంది మిద్దెలెక్కి కూర్చున్నవాళ్లే. నీళ్లు దిగిపోయాక ప్రతి ట్యాంకులోనూ ఒండ్రు. పాతబస్తీలో ఒక ఇంట్లో అలాంటి కంతలోంచే నా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి దింపాను. దింపమన్నది ఓనరు, దింపింది నేను. మా గురువు నేర్పినట్టు ముందు లాంతరు దించి చూశాను. ఆరలేదు, లోపల గాలి బాగానే ఉందనుకున్నాను. నడుముకు తాడు కట్టాను. దిగేటప్పుడు కోడిగుడ్డు కుళ్లిన కంపు అన్నాడు. కాసేపటికి లోపలి నుంచి అరిచాడు, "వాసన పోయిందన్నా, బాగానే ఉంది."

ఆ తర్వాత పలకలేదు.

వాసన పోలేదు. ఆ గ్యాసు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. ఎక్కువైతే అది ముందు ముక్కును చంపుతుంది, తర్వాత మనిషిని. లాంతరు దాన్ని పట్టుకోలేదు. పైగా అదే గుంతలో మీథేన్ ఉంటే ఆ లాంతరుకే అంటుకునేది. ఆ కుర్రాడి అన్న గుంతలోకి దూకబోయాడు. నడుం పట్టుకుని ఆపాను, చొక్కా చిరిగి నా చేతిలోకొచ్చింది. కాపాడబోయి పోయేవాళ్లు ఎక్కువ, అందుకే ఆపాను. తాడు పట్టి నలుగురం లాగాం. బతికాడు. మళ్లీ పనికి రాలేదు, నేనూ పిలవలేదు.

రక్షణ పరికరాలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుర్రాడి అమ్మ ఆ రోజు గుంత పక్కన కూలబడి నా కాళ్లు పట్టుకుంది. ఆమెకు ఎన్ని లక్షలు లెక్కపెట్టి ఇవ్వగలమప్పా?

మీ ట్యాంకు మూత ఎక్కడుందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురా? ఇంతమందిలో ముగ్గురేనా?

సెక్రటరీ సార్, వెనక బ్లాకులో మూత మీద ఏడు పూలకుండీలున్నాయి, వచ్చేటప్పుడు లెక్కపెట్టాను. గడ్డపార తెచ్చాను. మూత తెరిచినప్పుడు ఎవరూ వంగి చూడొద్దు, బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వద్దు. కుండీలు జరపడానికి ఒక నలుగురు నాతో రండి.